సీలు విప్పని పెట్టెలు

ప్రశ్న: మాది కాకినాడ. వయసు 28. ఎనిమిదేళ్లుగా యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్‌లు, సినిమాలు) బ్లూ-రే, డీవీడీ బాక్స్ సెట్లు పోగుచేస్తున్నాను. డల్లాస్‌లో ఉంటున్న మా అక్క వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో నాలుగైదు తెస్తుంది. ఇప్పటికి 43 అయ్యాయి. సగానికి పైగా సీలు కూడా తీయలేదు. నిజం చెప్పాలంటే వాటిని ఆడించే ప్లేయర్ నా దగ్గర లేదు. సిరీస్‌లన్నీ ఫోన్లోనే చూస్తాను. 'తెరవని పెట్టెలు బీరువా నిండా ఎందుకురా, నా చీరలైనా పెట్టుకుందును' అంటోంది అమ్మ. అక్కేమో ఈసారి ఇక తేనని తెగేసి చెప్పింది. నాకు మాత్రం జపాన్ లిమిటెడ్ ఎడిషన్ల మీదికి మనసు పోయింది. ఆ ప్యాకింగ్ చూస్తే ప్రాణం లేచొస్తుంది. సీలు తీస్తే విలువ పోతుందా? జపాన్ సెట్లు కొనవచ్చా? మా ఊరి గాలికి అట్టపెట్టెలు ఉబ్బుతున్నాయి, ఏం చేయాలి? ఫొటోలు పంపుతున్నాను. చివరి ఫొటోలోని గిబ్లీ స్టూడియో సినిమాల సెట్ నాకు అన్నిటికన్నా ఇష్టం. (పేరు వేయకండి.)

సమాధానం: మీ ఫొటోలు రెండుసార్లు చూశాను. మొదటిసారి కుళ్లుకున్నాను. రెండోసారి దిగులేసింది. అంత చక్కని పెట్టెల్లో ఇరవైకి పైగా గాలి కూడా సోకకుండా పడున్నాయి. మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, ఉత్తరంలో అసలు ప్రశ్న వేసింది అమ్మగారు. నా ఓటు ఆవిడకే. కాకపోతే పెట్టెలు తీసేయమని నేననను, తెరవమంటాను.

సీలు సంగతి ముందు. ఐదు డిస్కుల సెట్ ఒకటి తెప్పించుకుని, పండక్కి చూద్దాంలే అనుకుంటూ నాలుగేళ్లు అలాగే ఉంచాను. ఆఖరికి ఓ సంక్రాంతికి ప్లాస్టిక్ చింపితే రెండో డిస్కు రెండు ఉన్నాయి, మూడోది లేనే లేదు. అమ్మినవాళ్లకు రాస్తే మార్చి ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయిందని మర్యాదగా జవాబిచ్చారు. మా ఇంట్లో ఆ కథ ఇప్పటికీ పదో ఎపిసోడ్ నుంచి పదహారుకు గెంతుతుంది. రెండు విమానాలు మారి వచ్చిన మీ పెట్టెల్లో ఎన్నింటిలో డిస్కు ఊడి గీతలు పడుతోందో, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ పళ్లు ఎన్ని విరిగాయో మీకెలా తెలుస్తుంది? పైగా పైన చుట్టిన ఆ పల్చటి ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుని అట్ట అంచుల్ని లోపలికి వంచేయడం నా పెట్టెల్లోనే చూశాను. విలువ కాపాడుతుందని మీరు నమ్ముతున్న సీలే పెట్టెను పాడుచేస్తోందన్నమాట.

ఇక ఆ విలువ లెక్క. 1995 నాటి ఎవాంజెలియన్ సిరీస్‌నే తీసుకోండి. అమెరికాలో పాత డీవీడీలు రావడం ఆగిపోయాక అవి దొరకడం గగనమైంది. ఎక్కడైనా కనిపిస్తే ధర చుక్కల్లో ఉండేది. 2019లో సిరీస్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, 2021లో అమెరికా పంపిణీ సంస్థ జీకిడ్స్ వాళ్లు బ్లూ-రే తెచ్చారు. కథ చూస్తే చాలనుకునేవాడికి ఆ రోజుతో పాత సెట్ వెంట పడే పని తప్పిపోయింది. అయినా పాత డిస్కుల కోసం వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎందుకంటే ఎపిసోడ్ల చివర వచ్చే ఆ పాత ఇంగ్లీషు పాట నెట్‌ఫ్లిక్స్‌లోనూ లేదు, ఆ 2021 సెట్‌లోనూ లేదు. పాట పాత డిస్కులో ఉండిపోయింది. దాని కోసం డబ్బు పెట్టేవాడికి సీలు ఉంటే ఎంత, లేకుంటే ఎంత? ఆడితే చాలు. ఏ కంపెనీ దేన్ని ఎప్పుడు మళ్లీ విడుదల చేస్తుందో కనిపెట్టి లాభం చేసుకోవడం మన వల్ల అయ్యే పని కాదు. అమ్ముకోవడానికే కొంటున్నారా అంటే, మీ ఉత్తరం చూస్తే అలా అనిపించలేదు.

ఫోన్లో అన్నీ దొరుకుతుంటే డిస్కులు దండగ అనేవాళ్ల మాట మాత్రం పట్టించుకోకండి. అమెరికాలో యానిమే అమ్మిన ఫ్యునిమేషన్ కంపెనీ వాళ్లు డిస్కులతోపాటు ఒక కోడ్ ఇచ్చేవాళ్లు గుర్తుందా? అది కొడితే ఆ సిరీస్ యాప్‌లో కూడా మీ సొంతం. 2024 ఏప్రిల్ 2న యాప్ మూతపడింది. ఆ డిజిటల్ కాపీలు క్రంచీరోల్ అనే యానిమే యాప్‌కు బదిలీ కాలేదు, గాలికి పోయాయి. అదే పెట్టెలోని డిస్కు నిన్న ఆడింది, రేపూ ఆడుతుంది.

ఆడించేదంటూ ఒకటి ఉంటే!

జపాన్ పెట్టెల ఊసెత్తే ముందు ప్లేయర్ కొనండి. బ్లూ-రేలకు ప్రపంచాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా, జపాన్ 'ఏ'లోకి వస్తాయి. యూరప్, ఆస్ట్రేలియా 'బీ'. మనం చైనా, రష్యాలతో కలిసి 'సీ'. డీవీడీలకు ఈ గోడలు ఇంకా ఎక్కువ. అమెరికా 1, జపాన్ 2, మనం 5. అక్క తెచ్చినవి అమెరికా సెట్లు కాబట్టి ఇక్కడి దుకాణంలో కొన్న ప్లేయర్‌కు కొన్ని ఎక్కవు. కొన్ని మాత్రం ఏ ప్రాంతానికైనా ఆడేలా వస్తాయి, అట్ట వెనక చిన్న గుర్తు చూసుకోండి. 4కే డిస్కులకు అసలు ప్రాంతాల గొడవే లేదు. కానీ అదే పెట్టెలో జతగా ఇచ్చే మామూలు బ్లూ-రేకు తాళం ఉండొచ్చు. మీ ముందున్న దారులు రెండు. అన్ని ప్రాంతాలవీ ఆడేలా మార్చిన ప్లేయర్ కొనడం ఒకటి. అక్కను బతిమాలి అమెరికా ప్లేయర్ తెప్పించుకోవడం ఇంకొకటి. రెండోదైతే జపాన్ బ్లూ-రేలు కూడా ఆడతాయి, రెండూ 'ఏ'నే కదా. కానీ ప్లేయర్ వెనక వోల్టేజీ చదివాకే ప్లగ్గులో పెట్టండి. 100–240 అని ఉంటే నిశ్చింత. 120 అని మాత్రమే ఉంటే మన 230 తగలగానే పొగ రావడం ఖాయం, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాల్సిందే. కంప్యూటర్ డ్రైవ్‌తో చూడాలనుకుంటే బ్లూ-రే ఆడించే సాఫ్ట్‌వేర్ డబ్బిచ్చి కొనాలి. డీవీడీ ప్రాంతాన్ని డ్రైవ్‌లో ఐదుసార్లే మార్చగలరు. ఐదోసారి ఎక్కడ ఆగితే అక్కడే ఉండిపోతుంది. ఈసారి అక్క ఒక్క వస్తువే తెస్తానంటే ప్లేయరే అడగండి.

చివరి ఫొటో గురించి చెప్పడానికి మనసొప్పడం లేదు, అయినా తప్పదు. ఆ గిబ్లీ సెట్ దొంగ సరుకు. పాతిక సినిమాలు తొమ్మిది డీవీడీల్లో అని అట్ట మీదే ఉంది కదా. అంటే డిస్కుకు దాదాపు మూడు సినిమాలు, ఐదు గంటల బొమ్మ. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 గిగాబైట్లు. అందులో అంత కుక్కితే వాన పడే సీన్‌లో చినుకులు పోయి మబ్బు మిగులుతుంది. ప్రాంతం 'అన్నీ' అని రాసి ఉండటం, వెనకవైపు ఇంగ్లీషులో అచ్చుతప్పులు, పంపిణీ కంపెనీ పేరే లేకపోవడం మిగతా ఆనవాళ్లు. మీరొక్కరే మోసపోలేదు. గిబ్లీ పేరుతో వచ్చినన్ని నకిలీలు మరి దేనికీ రాలేదేమో. పారేయమనను. అలమరలో మిగతావాటి పక్కన మాత్రం పెట్టకండి.

ఇక జపాన్. ఆ పెట్టెలకు అంత ధర ఎందుకో తెలిస్తే కొనాలో వద్దో మీకే తేలుతుంది. టీవీతోగానీ థియేటరుతోగానీ పనిలేకుండా నేరుగా ఇంటికి అమ్మేందుకే యానిమే తీయడం అక్కడ 1983 డిసెంబరులో 'డల్లోస్'తో మొదలైంది. ఆ తర్వాతి రోజుల్లో అర్ధరాత్రి దాటాక టీవీలో వచ్చే సిరీస్‌లకు పెట్టుబడి పెట్టినవాళ్లు డబ్బు రాబట్టుకునేది చాలావరకు డిస్కుల మీదే. కొనేది కొద్దిమంది వీరాభిమానులు. కాబట్టి ఆ కొద్దిమంది దగ్గరే గట్టిగా వసూలు చేయాలి. అందుకే ఒక్కో డిస్కులో రెండు ఎపిసోడ్లే పెట్టి ఆరేడు వేల యెన్లకు అమ్ముతారు. పన్నెండు ఎపిసోడ్ల సిరీస్ ఆరు డిస్కులు. డిస్కు ఏడు వేల చొప్పున 42,000 యెన్లు. మన డబ్బులో ఇరవై వేలు దాటేసింది, ఇంకా పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలపలేదు. సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చుతో కలిపి వేస్తారన్నది గుర్తుంచుకోండి.

అంత పెట్టినవాడికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా. మీ ప్రాణం లేపే ప్యాకింగ్ అంతా అక్కడి నుంచి పుట్టిందే. సిరీస్‌కు బొమ్మలు వేసినవాళ్లే కొత్తగా గీసిన అట్టబొమ్మ, పెట్టె చుట్టూ 'ఓబీ' అనే కాగితపు పట్టీ (ఓబీ అంటే కిమోనోకు కట్టే నడికట్టు), లోపల బొమ్మల పుస్తకం, పాత్రలు మాట్లాడుకునే డ్రామా సీడీ, అక్షరాలు పడని ఓపెనింగ్ పాట. ఇవి కాక ఏ దుకాణంలో కొంటే ఆ దుకాణం ఇచ్చే కానుక వేరు. అన్ని భాగాలూ ఒకేచోట కొంటే వాటన్నిటినీ పెట్టుకోవడానికి పెద్ద పెట్టె అదనం. మన ఊళ్లో చీరల కొట్టువాడు సంచీ, క్యాలెండరు ఇచ్చినట్టే, కాకపోతే ఇక్కడ క్యాలెండరు కోసమే చీర కొనేవాళ్లున్నారు.

వీటిలో మీకు పనికొచ్చేవి ఎన్ని? మొదటి ముద్రణ పెట్టెల్లో చాలాసార్లు ఈవెంట్ టికెట్‌కు దరఖాస్తు చేసుకునే కాగితం ఉంటుంది. ఈవెంట్ జపాన్‌లోనే, గడువూ కొద్ది రోజులే. ఉమా ముసుమే రెండో సీజన్ 2021లో డిస్కుల మీద వచ్చినప్పుడు ఫోన్ గేమ్‌లో వాడుకునే కోడ్ జతచేశారు. దాంతో అమ్మకాలు విరగబడ్డాయి. కోడ్ కొట్టేసిన డిస్కు ఎవరికి కావాలి? డ్రామా సీడీ పూర్తిగా జపనీసు. డైరెక్టరు, నటులు మాట్లాడే కామెంటరీకి సబ్‌టైటిళ్లు ఉండవు. అసలు సిరీస్‌కే ఇంగ్లీషు సబ్‌టైటిల్ లేని డిస్కులే అక్కడ ఎక్కువ. గండమ్ యూనికార్న్ లాంటివి, గిబ్లీ బ్లూ-రేలు ఇంగ్లీషుతో వచ్చాయి గానీ అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. భాష రానివాడికి మిగిలేది బొమ్మలు, కాగితం, పెట్టె. అది తక్కువేం కాదు. నేనూ వాటికోసం కొన్నాను. కానీ దానికి కొత్త సెట్ ధర పెట్టక్కర్లేదు. కోడ్ వాడేసిన సెకండ్ హ్యాండ్ పెట్టెలు మందరాకే, సురుగాయా లాంటి పాత సరుకు దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. ఓబీ ఉందా, బుక్‌లెట్ ఉందా, అట్ట ఎండకు వెలిసిందా అన్నీ అక్కడ రాసే అమ్ముతారు. జపాన్‌వాడు 'కాస్త నలిగింది' అని రాసిన పెట్టె మనకు కొత్తదానిలాగే ఉంటుంది.

ఆరు డిస్కులూ ఒకేసారి కొనకండి. మీకు ప్రాణమైన ఎపిసోడ్ ఉన్న ఒక్క డిస్కు తెప్పించుకోండి. పెట్టెను ఓ నెల రోజులు చేతుల్లో తిప్పి చూసుకున్నాక కూడా మిగతా ఐదూ కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం. మొదటి ముద్రణ అన్న మాట చూసి మాత్రం పడిపోవద్దు. గిబ్లీ సినిమా 'స్పిరిటెడ్ అవే' మొదటి జపాన్ డీవీడీ 2002లో బొమ్మంతా ఎర్రటి ఛాయతో వచ్చింది. కొన్నవాళ్లు కోర్టుదాకా వెళ్లారు. సరైన రంగులు చూడాలంటే 2014 బ్లూ-రే దాకా ఆగాల్సి వచ్చింది. మొదటిదే మేలైనదన్న నియమమేం లేదు.

నిజానికి మీ అలమరలో ఇప్పటికే ఉన్న అదనాలు జపాన్ పెట్టెల్లో మీకు దొరికేవాటి కంటే గొప్పవి. మూడో ఫొటోలో ఎడమ అంచున ఉన్న 'ఉరుసెయ్ యాత్సురా' డీవీడీలు చూశాను. సీలు తీయలేదు. వాటిని అమెరికాలో తెచ్చింది యానిమేగో, 1988లో మొదలైన చిన్న కంపెనీ. టేపుల కాలం నుంచీ వాళ్ల ప్రత్యేకత లైనర్ నోట్సు, అంటే పెట్టెలో ఇచ్చే వివరణల కాగితాలు. అందులో ఈ మాటలో శ్లేష ఏమిటి, ఆ పండగేమిటి, పక్కన కనబడే బోర్డు మీద ఏం రాసుంది అని ఎపిసోడ్ వెంట నడుస్తూ చెబుతారు. ఈ సిరీస్‌కు అది కావాలి కూడా. పేరులోనే శ్లేష ఉంది. 'ఉరుసాయ్' అంటే గోల. దాన్ని 'ఉరుసెయ్' చేసి, ఆ 'సెయ్' దగ్గర నక్షత్రం, గ్రహం అనే అర్థమొచ్చే అక్షరం పెట్టారు రచయిత్రి రుమికో తకహాషి. గోల చేసేవాళ్లూ వాళ్లే, వేరే గ్రహం నుంచి దిగినవాళ్లూ వాళ్లే. ఫోన్లో చూసినప్పుడు ఇది మీకు తగిలిందా?

ఇంకోటి చెబుతాను. కథానాయిక లమ్‌కు కొమ్ములు, ఒంటి మీద పులిచారల బట్ట ఎందుకు? ఆమె 'ఓని', జపాన్ కథల్లో దయ్యం. వాళ్ల పాత దిక్కుల లెక్కలో ఈశాన్యం దయ్యాలు వచ్చే గుమ్మం. ఆ మూలకు పేరు ఎద్దు-పులి. అందుకే ఓనికి ఎద్దు కొమ్ములు, పులిచర్మం అంటారు. మనింట్లో ఈశాన్యం మూల దేవుడి గూడు పెట్టుకుంటాం. అదే మూల వాళ్లకు దయ్యాల దారి! ఇది తెలిశాక ఆ పిల్ల తెర మీదికి వచ్చిన ప్రతిసారీ నాకు మా ఇంటి దేవుడి గూడే గుర్తొస్తుంది. అలమరలోని పెట్టె మీకు ఇవ్వగలిగింది ఇలాంటిదే, అది ప్లాస్టిక్ చుట్టలో ఊపిరాడక పడుంది.

అక్క తెచ్చిన గిబ్లీ స్టీల్‌బుక్‌లు, అంటే రేకు పెట్టెల్లో వచ్చినవి, ఉన్నాయి కదా (అవి అసలైనవే), వాటి మెనూలో స్టోరీబోర్డ్ అని ఉంటుంది. అది నొక్కితే సినిమా మొత్తం మొదటి నుంచి చివరిదాకా పెన్సిల్ బొమ్మల మీద నడుస్తుంది. మాటలు, సంగీతం సినిమావే. బొమ్మలు మాత్రం సినిమా తీయకముందు గీసుకున్నవి. గిబ్లీ దర్శకుడు మియజాకి సినిమాల్లో అవి ఆయన చేతి గీతలే. మీకు కంఠతా వచ్చిన సీన్ ఒకటి పెట్టుకుని, ముందు రంగుల్లో, తర్వాత పెన్సిల్లో చూడండి. గాలికి గడ్డి ఊగడానికి ఆయన నాలుగు గీతలే గీశారు, తెర మీద కొండంతా ఊగింది. ఆ నాలుగు గీతలకూ ఆ కొండకూ మధ్య ఎందరి చేతులున్నాయో ఆలోచిస్తూ నేను ఓ రాత్రంతా కూర్చున్నాను. యాప్‌లో సినిమా దొరుకుతుంది, ఈ పెన్సిల్ గీతలు దొరకవు.

మీ ఊరి గాలి సంగతి. మాదీ సముద్రం పక్క ఊరే, బందరు. డిస్కులకు పెద్దగా ఏం కాదు, బాధంతా కాగితంతోనే. అటక మీద పెట్టొద్దు. తడి లాగే గోడకు ఆనించి పెట్టొద్దు, జానెడు ఖాళీ వదలండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి, మరీ బిగించకండి. గాల్లో తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి బీరువాలో పెట్టుకుని 50 శాతానికి అటూ ఇటూ ఉండేలా చూడండి. సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోండి. అమ్మగారి చీరలూ మీ పెట్టెలూ ఒకే బీరువా పంచుకుంటే ఒక షరతు, కలరా ఉండలు వద్దు. ఆ వాసన కాగితానికీ ప్లాస్టిక్‌కూ పట్టిందంటే వదలదు. అమెరికా బ్లూ-రే తెరిస్తే పాత ట్రంకుపెట్టె వాసన రావడం నాకు అనుభవమే. చీరల మధ్య వేపాకు పెట్టుకోమనండి.

బుక్‌లెట్లది వేరే బెడద. అవి నున్నటి ఆర్టు పేపరు మీద అచ్చువేస్తారు. తేమ తగిలితే ఆ పూత కరిగి పేజీలు తడి అప్పడాల్లా అతుక్కుపోతాయి. ఏడాదికి రెండుసార్లు, చలికాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు, అన్నీ బయటికి తీసి ఫ్యాన్ కింద పేజీలు తిప్పాలి. ఎండలో పెట్టకండి, అట్ట వెలిసిపోతుంది. సీలు తీయని పెట్టెకు ఈ పని చేయలేరన్నది మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. డిస్కు తుడవాల్సి వస్తే మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి.

ప్లేయర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ ఆదివారం పొద్దున్నే అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ 'ఉరుసెయ్ యాత్సురా' తోనే మొదలుపెట్టండి. డిస్కులు లెక్కపెట్టి, గీతలు చూసి, కాగితాలు విప్పండి. ఎక్కడైనా పేజీలు అతుక్కుని ఉంటే గోళ్లతో లాగకండి. అలాగే మూసి పక్కన పెట్టి, ఫొటో తీసి నాకు పంపండి.